తేట నెత్తురు

ఒకటో రోజు

కెజియా సిస్టరుగారికి, మూడో వరస నాలుగో ఇంటి పేరంటాలు రాయునది. నేను నాలుగో తరగతి దాకా చదివాను. అదీ మా బడి మునిగిపోయే దాకానే. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి.

నిన్న మీ ఆరోగ్య పడవ కదిలే ముందు మీరు ఈ పుస్తకం నా చేతిలో పెట్టి అన్నారు కదా, "మామ్మగారూ, ఈ నెల్లో మీరు పిలుపు మీట నలభై ఒక్కసార్లు నొక్కారు. ఇకనించీ ఏ భయం వేసినా ఇందులో రాయండి. నెల తిరిగి వచ్చాక అంతా చదువుతాను, ఒక్క ముక్క వదలను" అని. పక్కనున్న మా వదినగారు వెంటనే "ఒక పుస్తకం ఏం సరిపోతుంది తల్లీ, ఇంకో నాలుగు ఇచ్చి వెళ్ళు" అంది. మీరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

వదినగారంటే నూకరత్నంగారు, నా వియ్యపురాలు. మా అమ్మాయీ ఆవిడ కొడుకూ పెద్దనీళ్ళొచ్చిన ఏడు ఒకే పడవలో పోయారు. ఆ తర్వాత ఆవిడకి నేను, నాకు ఆవిడ. ఆవిడ నన్ను దెప్పకుండా ఒక పూట గడవదు. ఆవిడ దెప్పకపోతే ఒంట్లో ఎలా ఉందోనని నాకు భయం.

ఈ రోజు భయాలు రాస్తాను. నీళ్ళ మీద తేలే మా ఇంటికీ ఐదో ఇంటికీ మధ్య తాడు కొంచెం వదులైంది. ఇంటిని తేల్చే పీపా ఒకటి అడుగున చప్పుడు చేస్తోంది. పంపరపనస చెట్టు కింది ఆకులు రెండు ముడుచుకున్నాయి. వదినగారు మధ్యాహ్నం రెండుసార్లు దగ్గింది. ఇంతే.

పొద్దుగుంకేటప్పుడు గోడలో మాత్రల గూడు పిలిచింది. "నూకరత్నంగారూ, వేలు పెట్టండి" అంది. ఆవిడ పెట్టింది. సూది గుచ్చుకుంది, పచ్చమాత్ర పళ్ళెంలో పడింది, మింగింది, దీపం ఆకుపచ్చగా వెలిగింది. "నెత్తురు తేటగా ఉంది. రేపు మళ్ళీ" అంది గూడు. తర్వాత నన్ను పిలిచింది. నాకూ తేటగానే ఉందట. వరసలో పదకొండు ఇళ్ళ గూళ్ళూ ఒకే గొంతుతో ఆ మాటే అంటాయి. ఆ గొంతు ఎవరిదో ఆవిడ బతికుందో లేదో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఇదీ ఒక భయమే, రాసేశాను.

మూడో రోజు

ఈ రోజు పంపరపనస కాయలు దింపాం. మా ఆయన తొమ్మిదేళ్ళ కింద గాబులో గింజ నాటాడు. ఇదే తొలికాపు. అరవై ఒక్క కాయలు. ఈ తెప్పల మీద పండు పేరు విని ఎన్నాళ్ళయిందో. ఇరవయ్యేళ్ళుగా మాకు గాబుల్లో పెంచిన కొవ్వుముద్దే తిండి. పిల్లలకి పండంటే బొమ్మలోదే.

తొలికాపు ఇంట్లో దాచుకోకూడదు, వరసంతా పంచాలి. ఇంటికి ఐదేసి కాయలు పళ్ళెంలో పెట్టుకుని బల్లదారి మీద ఆ చివరినించి ఈ చివరికి తిరిగాను. రెండో ఇంటి అప్పాయమ్మ కాయని ముక్కు దగ్గర పెట్టుకుని ఏడ్చింది. తొమ్మిదో ఇంటి తాతబ్బాయి తొక్క కూడా పారెయ్యనన్నాడు. పదో ఇంటి కొత్తకోడలు లూదియా ఒక తొన తిని "పులుపు పిన్నిగారూ" అని మొహం ముడిచి మిగతావి అక్కడే తాతబ్బాయి ఇంట్లో ఇచ్చేసింది.

ఏడో ఇంటి సన్యాసిరావు మాత్రం పళ్ళెం ముట్టుకోలేదు. నాకూ అతనికీ గుంజ గొడవ ఉంది. మా ఇంటి తాడు అతను పాతిన గుంజకి కట్టామని రెండేళ్ళుగా మాటల్లేవు.

"గుంజకి బదులు పండా? తీసుకుపోండి అక్కగారూ" అన్నాడు.

తీసుకొచ్చేశాను. ఆ ఐదూ మా వదినగారే తీసుకుంది. "సన్యాసిరావు పగ పది కాలాలు చల్లగా ఉండాలి" అని ఉప్పూ కారం అద్దుకుని తినడం మొదలెట్టింది.

నేను తినను సిస్టరుగారూ. పెళ్ళయిన కొత్తలో రైళ్ళు ఇంకా తిరిగేటప్పుడు మా ఆయనా నేనూ కాశీ వెళ్ళాం. అక్కడ బాగా ఇష్టమైనదొకటి వదిలెయ్యాలి కదా. నేను పంపరపనస వదిలాను. ఆయన కాకరకాయ వదిలాడు, ఆయనకి అదంటే ఎప్పుడూ పడదు. దాని గురించి బతికున్నన్నాళ్ళూ దెప్పాను. అందుకే పాపం నాకోసమని ఏరి ఏరి ఈ గింజే నాటాడనుకుంటా. తినకపోయినా వాసన చూసుకుంటావు కదా అన్నాడు.

నాలుగో రోజు

ఆయన మాట వచ్చింది కాబట్టి ఇది కూడా రాస్తాను. ఆయన పోయిన మరుసటేడే మాత్రలొచ్చాయి. పొద్దున్న పీపా కడుగుతూ కడుగుతూ ఎడమచెయ్యి పట్టుకుని కూర్చున్నాడు, లేవలేదు. ఆ ఏడు మన వరసలో అలా ఆరుగురు. అప్పుడే మీరు మొదటిసారి వచ్చి మాకందరికీ విడమరిచి చెప్పారు. నాకు ఇప్పటికీ గుర్తే. కొవ్వు తిండిలోంచే రాదు, మన కార్జం కూడా వండుకుంటుంది, పొద్దుగుంకాక ఎక్కువ వండుతుంది. మాత్ర వెళ్ళి ఆ వంట ఆపుతుంది. వండుకోడానికి లేక కార్జం నెత్తుట్లో తిరిగే కొవ్వుని లాక్కుంటుంది. అప్పుడు నెత్తుటి గొట్టాల గోడలకి మడ్డి పట్టదు. గుండెపోటూ పక్షవాతమూ దూరంగా ఉంటాయి. మాత్ర వేసుకున్నట్టు ఒంటికి ఏమీ తెలియదు, తెలియకుండానే పనిచేస్తుంది అన్నారు. మా గాబుముద్దకి తగ్గట్టు మాకు పెద్దమాత్రే రాశారు.

ఆరేళ్ళుగా మన వరసలో గుండెతో పోయినవాళ్ళు ఒక్కరు లేరు. అందుకని ఒక్క పూట మాత్ర తప్పితే ఏమవుతుందోనని గూడు పిలవకముందే వేలు కడుక్కుని కూర్చుంటాను. వదినగారు "పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు కూర్చుంటుంది" అంటుంది.

ఏడో రోజు

భయాలు తక్కువ. వరసంతా పంపరపనస వాసన. పొద్దున్నే ప్రతి ఇంట్లో రసం పిండుతున్నారు. వదినగారికి ఆకలి పెరిగింది. గూడు కూడా మెచ్చుకుంటోంది. "నూకరత్నంగారూ, ఈ వరసలో మీ నెత్తురే తేట" అంది నిన్న. ఆవిడ ఆ మాట వినిపించాలని రెండుసార్లు చెప్పించుకుంది.

ఎనిమిదో ఇంటి నించి కుంపటి పొగ రావడం లేదు. ఎందుకో తెలియదు.

తొమ్మిదో రోజు

పొద్దున్న వదినగారు తల దువ్వుకోలేకపోయింది. చేతులు భుజాల పైకి లేవడం లేదంది. తాడు లాగినందుకేమో అంది. ఏ తాడూ లాగలేదని నాకు తెలుసు. జడ నేనే వేశాను. ఆవిడ జడ నేను వెయ్యడం ఇదే మొదటిసారి. వెంట్రుకలు ఎంత తక్కువున్నాయో అప్పుడు చూశాను.

తొడలు పట్టుకుంటే అమ్మో అంది. కండ గట్టిగా లేదు, నానబెట్టిన గుడ్డలా ఉంది.

బయటికొచ్చి చూస్తే దండేల మీద నిన్నటి బట్టలు అలాగే ఉన్నాయి. ఒక్క ఇంట్లో కాదు, నాలుగైదు ఇళ్ళవి. తీసేవాళ్ళు లేరు. అప్పాయమ్మని అడిగితే కిటికీలోంచే చెప్పింది, "చేతులు పైకి పోవట్లేదు పేరంటాలూ. ఉప్పుగాలి పట్టినట్టుంది."

ఉప్పుగాలి అయితే నాకెందుకు పట్టలేదు?

పదో రోజు

పిలుపు మీట నొక్కను నొక్కనని పొద్దున్నించీ ఆగాను. ఆగలేక నొక్కాను. వరసకొక్కటే మీట, అది మా గుమ్మం పక్కనే ఉండటం నా కర్మ. అటునించి పలికింది మనిషి కాదు. "పేరంటాలుగారూ, కంగారు పడకండి. మీ మాట రాసుకున్నాం" అంది. నేను ఇంకా ఏమీ చెప్పలేదు.

పన్నెండో రోజు

సిస్టరుగారూ, ఈ రోజు బల్లదారి మీద పెద్దవాళ్ళు ఒక్కరూ నడవలేదు. పిల్లలు మాత్రం పరుగులు పెడుతున్నారు. తొక్కలు నెత్తిన టోపీల్లా పెట్టుకుని ఒక చివరినించి ఇంకో చివరికి పోతున్నారు. వాళ్ళ అమ్మానాన్నలు గుమ్మాల్లో కూర్చుని చూస్తున్నారు. పిలిచేవాళ్ళు లేరు, తిట్టేవాళ్ళు లేరు. ఎక్కడివాళ్ళు అక్కడ వంపేసిన సంచుల్లా కూర్చున్నారు.

పొద్దుగుంకింది. గూళ్ళు పిలిచాయి. మామూలుగా ఆ వేళ మాత్రలు మింగి అందరూ బయటికొస్తారు, ఎవరింట్లో ఏం మిగిలిందో అడుగుతారు, తాతబ్బాయి ఏదో పాడతాడు. ఈ రోజు పదకొండు ఇళ్ళల్లోంచి ఆ ఒక్క గొంతే వినబడింది. "నెత్తురు తేటగా ఉంది. రేపు మళ్ళీ." పదకొండు కిటికీల్లో పచ్చదీపాలు వెలిగాయి. ఎవరూ బయటికి రాలేదు. నీళ్ళ మీద పదకొండు పచ్చచుక్కలు కదలకుండా ఉన్నాయి. నేనొక్కదాన్నే బల్లదారి మీద నిలబడి ఉన్నాను.

అవతల ఏడో ఇంటి ముందు ఇంకో మనిషి నిలబడి ఉన్నాడు. సన్యాసిరావు. నన్ను చూశాడు. తిన్నగా నిలబడ్డాడు, బాగానే ఉన్నాడు. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం. లోపలికి వెళ్ళిపోయాం.

వదినగారిని పట్టుకుని బాత్రూముకి తీసుకెళ్ళాను. ఆవిడ పోసింది డికాషన్ రంగులో ఉంది. ఆవిడా చూసింది. ఇద్దరం చూడనట్టే ఉన్నాం.

గూటిని అడిగాను. "అమ్మా, ఆవిడకి ఏమైంది?" "నూకరత్నంగారి నెత్తురు చాలా తేటగా ఉంది" అంది. మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే అంది. దానికి కొవ్వు ఒక్కటే కనిపిస్తుంది సిస్టరుగారూ. మనిషి కనిపించదు.

పదమూడో రోజు

తాతబ్బాయి గోడ పట్టుకుని పట్టుకుని మా గుమ్మం దాకా వచ్చి మీట తనే నొక్కాడు. "పేరంటాలుగారూ, కంగారు పడకండి" అందది. తాతబ్బాయి నావైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

"నీ మూలంగా మొత్తం వరస మాటకి విలువ లేకుండా పోయింది కదే అప్పా" అన్నాడు. కోపంగా కాదు, నీరసంగా అన్నాడు.

మీ పెద్దపడవ ఏ పాయలో ఉందో ఎవరికీ తెలియదు. తెలిసినా తెడ్డు వేసే చేతులు ఈ వరసలో లేవు. మీరు రావడానికి ఇంకా పదిహేడు రోజులుంది.

జనం గుసగుసలు మొదలెట్టారు. మాత్రలే చంపుతున్నాయని కొందరు. సన్యాసిరావే ఏదో చేశాడని కొందరు, అతనొక్కడూ తిరుగుతున్నాడు కాబట్టి. నేను కూడా తిరుగుతున్నాను. ఆ మాట నా ఎదురుగా అనడం లేదు.

పద్నాలుగో రోజు, పొద్దున్న

వదినగారు సగం కాఫీ కప్పు కూడా ఎత్తలేకపోయింది. ఉచ్చ కూడా తగ్గిపోయింది. మాట్లాడమంటే మాట్లాడదు. ఏదైనా చదివి వినిపించమంది. మా ఇంట్లో ఉన్న పుస్తకం ఇదొక్కటే. మొదటినించీ చదివాను.

మూడో రోజు దగ్గర ఆపమంది. కళ్ళు మూసుకునే అడిగింది.

"వదినగారూ, మీకెందుకు లాగట్లేదు కాళ్ళు?"

"ఏమో. నా పాపం పండలేదేమో."

"మీరు తినలేదు. సన్యాసిరావు తినలేదు."

మళ్ళీ చదివాను. లూదియా ఒక తొన తింది, పిక్కలు లాగుతున్నాయంది కానీ నడుస్తోంది. ఆ పిల్ల ఇచ్చినవి కూడా తిన్న తాతబ్బాయి గోడ పట్టుకుంటేగాని నిలబడలేడు. అందరికంటే ఎక్కువ తిన్నది మా వదినగారు. సన్యాసిరావుకిచ్చినవి కూడా. పళ్ళెం పట్టుకుని తిరిగి తిరిగి పంచింది నేను.

"అయితే నా పండే విషం" అన్నాను.

"పిల్లలు తిన్నారు కదండీ" అంది. "తొక్కలు నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నారు."

పిల్లలకి మాత్ర లేదు. ఇరవై దాటాకే గూడు పిలుస్తుంది. పండు తిని మాత్ర వేసుకోని వాళ్ళు బాగున్నారు. మాత్ర వేసుకుని పండు తినని వాళ్ళం బాగున్నాం. రెండూ లోపలికి వెళ్ళినవాళ్ళే కూలబడ్డారు. ఒక్కొక్కటీ మంచిదే. లోపల కలుసుకుని ఏదో చేస్తున్నాయి. ఏం చేస్తున్నాయో నాకు తెలియదు, నేను నాలుగో తరగతి.

తిన్న పండుని బయటికి తియ్యలేను. ఈ రోజు మాత్ర ఇంకా గూట్లోనే ఉంది. అది లోపలికి పోకూడదు.

వదినగారు కళ్ళు తెరిచింది. "మాత్ర పళ్ళెంలోనే ఉంటే ఎర్రదీపం వెలుగుతుంది" అంది.

వెలిగితే వెలగనీ అనబోయి ఆగాను. ఐదో వరసవాళ్ళు ఒకప్పుడు మాత్రలు వద్దని వరసంతా పళ్ళేల్లో వదిలేస్తే తెల్లారేసరికి మీ పెద్దపడవ వచ్చి నిలబడింది కదా. ఒక్క ఇల్లు ఎర్రబడితే పేరంటాలు భయం అనుకుంటారు. పదకొండు ఇళ్ళూ ఎర్రబడితే నా భయం అనుకోడానికి కుదరదు.

పద్నాలుగో రోజు, సాయంత్రం

ఇల్లిల్లూ తిరిగాను. ప్రతి గుమ్మంలోనూ ముందు నా పండు సంగతే చెప్పాను. దాచి చెబితే నమ్మరు. అప్పాయమ్మ "మంచికే ఇచ్చావు, అది నాకు తెలుసు. కానీ ఇప్పుడు నీ మొహం చూడబుద్ధి కావట్లేదు, వెళ్ళు. మాత్ర మాత్రం ముట్టుకోను" అంది.

తాతబ్బాయి అసలు ఇక జన్మలో మాత్ర ముట్టనన్నాడు. గుమ్మంలో కూర్చున్నాను.

"మా ఆయన ఎలా పోయాడో నువ్వే కదా మోసింది తాతబ్బాయీ. ఈ ఒక్క రోజుకే మానమంటున్నాను. తర్వాత సిస్టరు ఎలా చెబితే అలా."

"అంత ధైర్యం నీకెక్కడినించి వచ్చిందే అప్పా?"

"రాలేదు" అన్నాను. ఆరేళ్ళల్లో నేను ఒక్క మాత్ర మానలేదు.

ఆఖరికి ఏడో ఇంటికి వెళ్ళాను. సన్యాసిరావు అడ్డంగా నిలబడ్డాడు.

"నాకేం రోగం లేదు. నేనెందుకు మానాలి? మా అన్న గుండెతో పోయాడు, మీకు తెలుసు."

"తెలుసు. ఒక్క దీపం పచ్చగా ఉన్నా పడవవాళ్ళు రారు."

"రెండేళ్ళు నా గుంజకి తాడు కట్టుకుని ఇప్పుడు నా గుండె కూడా కావాలా మీకు?"

"గుంజ మీదే. తాడు ఇప్పుడే విప్పేస్తాను. ఇల్లు ఎటు కొట్టుకుపోతే అటు పోనివ్వండి. మా వదినగారు కప్పు ఎత్తలేకపోతోంది తమ్ముడూ."

అతను నీళ్ళవైపు చూశాడు. "తాడు విప్పకండి, గాలి లేస్తోంది" అని తలుపేసుకున్నాడు. అవునన్నాడో కాదన్నాడో తెలియలేదు.

పొద్దుగుంకింది. గూడు పిలిచింది. వదినగారి చెయ్యి పట్టి వేలు పెట్టించాను, నా వేలు పెట్టాను. రెండు మాత్రలూ పళ్ళెంలో పడ్డాయి. ముట్టుకోలేదు. దీపం ఎర్రబడింది. మాత్ర మింగందే గాబుముద్ద ఇవ్వని తిండి తలుపు మూసుకుంది. గూడు అదే గొంతుతో, అంతే మెత్తగా, "మాత్ర తీసుకోండి" అంది. కొంచెం ఆగి మళ్ళీ అంది. మళ్ళీ. పక్కింట్లో అంది, ఆ పక్కింట్లో అంది. ఒకదాని వెనక ఒకటి, వరసంతా.

"మాత్ర తీసుకోండి. మాత్ర తీసుకోండి."

కిటికీలోంచి లెక్కపెట్టాను. పది ఎర్రచుక్కలు. ఏడోది పచ్చగా ఉంది. నా ఎడమచెయ్యి లాగుతున్నట్టనిపించింది. పోనీ మింగేద్దామా అని పళ్ళెం దాకా వెళ్ళాను. వదినగారు మంచం మీదనించి నన్నే చూస్తోంది. ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

అంతలో ఏడో ఇంట్లోంచి ఉమ్మిన చప్పుడు. పళ్ళెంలో ఏదో పడ్డ చప్పుడు. దీపం ఎర్రబడింది.

పదిహేనో రోజు

మీరొచ్చారు. ఆ తర్వాతది మీకే తెలుసు, అయినా ఒక్క ముక్క వదలకుండా రాయమన్నారు కాబట్టి రాస్తాను.

మీరు వదినగారి మూత్రం చూసి మొహం మార్చుకున్నారు. ఆవిడనీ ఇంకో ముగ్గురినీ పడవెక్కించారు. కండ కరిగి నెత్తుట్లో కలిసింది, దాన్ని వడకట్టలేక మూత్రపిండాలు మూసుకుపోతున్నాయి అన్నారు. మాత్రని మన పేగుల్లో ఏదో ఒకటి పదింట తొమ్మిది వంతులు విరిచి పారేస్తుందట, ఆ లెక్కకే మాత్ర ఇస్తారట. పంపరపనస దాని చేతులు కట్టేస్తుందట. విరిచేవాళ్ళు లేక ఒక మాత్ర పది మాత్రలంత అవుతుందట. రోజూ. పండు తినడం మానినా ఆ కట్లు వెంటనే ఊడవట.

"ఈ సంగతి మీకు ముందు తెలియదా సిస్టరుగారూ" అని అడిగాను.

అప్పుడు మీరు చెప్పారు. మాత్రతోపాటు వచ్చే కాగితంలో ఆ మాట ఒకప్పుడు ఉండేదట. ఈ తెప్పల మీద పండ్లే లేవు కదా, ఆ వాక్యం దండగ అని ఎవరో తీసేశారట. గూటికి కూడా చెప్పలేదట.

మీరు పిలుపు మీట పెట్టె తెరిచి చూశారు. లోపల నా మాటలన్నీ ఉన్నాయి. పదో రోజుది, అంతకు ముందువి, నా పేరు మీదే పడ్డ తాతబ్బాయిది కూడా. అన్నిటి మీదా 'ఉత్తి భయం' అన్న ఒకే గుర్తు ఉంది. మీరు దాన్ని చూస్తూ నిలబడ్డారు. వదినగారు ఉంటే ఏదో ఒకటి అనేది.

ఇరవయ్యో రోజు

ఇంట్లో ఒక్కదాన్నే. పొద్దుగుంకేటప్పుడు గూడు "నూకరత్నంగారూ, వేలు పెట్టండి" అంటుంది. ఎవరూ పెట్టరు. పిలిచి పిలిచి ఆగిపోతుంది. ఆగిపోయాక ఇంకా బాగోదు.

సన్యాసిరావు చెట్టు నరికేస్తానని గొడ్డలి తెచ్చాడు. నేను అడ్డం నిలబడలేదు. అతనే కాసేపు చూసి, ఆకు ఒకటి నలిపి వాసన చూసి, గొడ్డలి అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

ముప్పై మూడో రోజు

వదినగారు తిరిగొచ్చింది. ఇద్దరు పట్టుకుని దించారు. సగం అయింది మనిషి. మూత్రపిండాలు మళ్ళీ పని మొదలెట్టాయి, కండ రావడానికి నెలలు పడుతుందన్నారు. మాత్రల్లో రకాలున్నాయట, పండుతో తగాదా లేని రకం కొద్దిగా కొద్దిగా మొదలెడతారట. అప్పాయమ్మా తాతబ్బాయీ కొత్తమాత్రకి మారారు. వేసుకుంటున్నారు.

ఈ రోజే మీరు నన్ను పడవ మీదికి తీసుకెళ్ళి చిన్న గదిలో కూర్చోబెట్టారు. గూట్లో మాట మార్చాలి, ఆ పాత గొంతు ఏమన్నా ఎవరూ వినడం మానేశారు అన్నారు. "మీరు వదినగారిని రోజూ ఎలా అడుగుతారో అలా అడగండి మామ్మగారూ." సిగ్గేసింది. అడిగాను. నాలుగుసార్లు అడిగించారు. తర్వాత వరస మొత్తంలో అందరి పేర్లూ చెప్పించారు.

ముప్పై నాలుగో రోజు

ఈ సాయంత్రం మొదటిసారి.

పొద్దుగుంకేటప్పుడు గోడలోంచి నేను మాట్లాడాను. నా గొంతే, కానీ నేను కాదు. "సన్యాసిరావుగారూ, కొత్తదేమైనా తిన్నారా? పండేమైనా తిన్నారా? కాళ్ళు లాగుతున్నాయా? నిజం చెప్పండి" అని ఏడో ఇంట్లో అడుగుతున్నాను. "ఏమీ తినలేదు తల్లీ, వదిలిపెట్టు" అని అతను జవాబు చెప్పడం వినబడింది. అప్పాయమ్మ ఇంట్లో అడుగుతున్నాను. లూదియా ఇంట్లో అడుగుతున్నాను. ఒకచోట ముందు, ఒకచోట వెనక. తర్వాత నీళ్ళకి అవతల రెండో వరసలోనూ నా గొంతు లేచింది. నేను ఎప్పుడూ చూడని మనుషుల్ని పేర్లు పెట్టి పిలుస్తోంది. ఆ పేర్లు నేను చెప్పలేదు సిస్టరుగారూ. నా గొంతులోంచి వాటంతట అవే తయారయ్యాయి. నా మాటలు ఆ గదిలో నేను ఆపేసిన చోట ఆగలేదు.

మా ఇంట్లో గూడు పిలిచింది. "నూకరత్నంగారూ, కాళ్ళు లాగుతున్నాయా?"

నేను మంచం పక్కనే కూర్చుని ఆవిడ పాదాలు పడుతున్నాను. పొద్దున్నించీ ఆ మాటే నేను పదిసార్లు అడిగాను. పదిసార్లూ బాగానే ఉంది, మీ గోల మీరు ఆపండి అంది.

గూడు ఆగి ఉంది. చాలాసేపు ఆగి ఉంది. ఇరవయ్యో రోజు ఆగినట్టే ఆగింది. నా చేతులు ఆగిపోయాయి.

అప్పుడు ఆవిడ మొహం గోడవైపు తిప్పింది.

"లాగుతున్నాయి వదినగారూ" అంది మెల్లగా. "ఎడమ కాలు మరీను. భయమేస్తోంది."

నావైపు చూడలేదు. గోడకి చెప్పింది.